మేనేజర్లను తీసేస్తే కంపెనీ బాగుపడుతుందా?

గాలిపటం:
మా కంపెనీలో ఇకమీదట ఫ్లాట్ స్ట్రక్చర్ అంటున్నారు. టీమ్ లీడ్, మేనేజర్, సీనియర్ మేనేజర్ అనే మెట్లన్నీ తీసేస్తారట, ఎవరి పని వాళ్లే చూసుకోవాలట. ఇది ఎప్పుడో రావాల్సింది అంటాను నేను. ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్చాలంటే నలుగురి అప్రూవల్ కావాలి, నాలుగో ఆయన సెలవు పెడితే రిక్వెస్టు అక్కడే పడి ఉంటుంది. మధ్యలో వాళ్లు చేసేదల్లా కింది మెయిల్ పైకి, పై మెయిల్ కిందికి పంపడమేగా? మీరేమంటారు?

ముక్కుసూటి:
ఆ సరదా గూగుల్‌కీ పుట్టింది. 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేసి చూశారు. ఖర్చుల బిల్లుల నుంచి ఇద్దరి మధ్య తగాదాల దాకా అన్నీ నేరుగా కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన లారీ పేజ్ ముందుకొచ్చి పడ్డాయి, కొన్ని నెలలకే మళ్లీ పాత పద్ధతికి వచ్చేశారు. మీరు తిట్టుకుంటున్నది మేనేజర్లను కాదండీ, అప్రూవల్ పద్ధతిని. ఫలానా మొత్తం లోపు ఖర్చుకి ఎవర్నీ అడగక్కర్లేదని ఒక్క రూల్ పెడితే తీరిపోయేదానికి మనుషుల్ని తీసేయడం ఎందుకు?

గాలిపటం:
ఒక్క గూగుల్‌ని పట్టుకుని తీర్పు ఇచ్చేస్తే ఎలా? నెదర్లాండ్స్‌లో బ్యూర్ట్‌జోర్గ్ ఉంది, ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సుల సంస్థ, 2006లో మొదలైంది. టీముకి 12 మందికి మించరు, డ్యూటీలు వేసుకోవడం, కొత్తవాళ్లను తీసుకోవడం అన్నీ టీమే చూసుకుంటుంది, పైన మేనేజర్ లేరు. వేల మంది నర్సులతో నడుస్తోంది కదా!

పాతకాపు:
నడుస్తోంది, కానీ ఎందుకు నడుస్తోందో చూడండి. ఒక టీము పని ఇంకో టీము మీద పెద్దగా ఆధారపడదు. అదే ఒక సాఫ్ట్‌వేర్ ప్రాడక్టో, కారో తయారుచేయాలంటే ఈ టీము ఆలస్యం చేస్తే ఆ టీము ఖాళీగా కూర్చోవాలి, అప్పుడు ఏది ముందో ఏది తర్వాతో ఎవరో ఒకరు తేల్చాలి. 12 మందిలో ఇద్దరిద్దరి చొప్పున లెక్కేస్తే 66 జతలు, 50 మందిలో 1,225. అందరూ అందరితో మాట్లాడుకుని తేల్చుకుంటారంటే ఇక పనెప్పుడు చేస్తారు?

నేను లోగడ ఒక ఫ్లాట్ కంపెనీలో పనిచేశాను. మీటింగ్‌లో "అందరూ సమానమే, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు" అనేవాళ్లు. అనగానే అందరి చూపూ ఫౌండర్‌తో కాలేజీలో కలిసి చదువుకున్న ఒకాయన వైపు వెళ్లేది. ఆయన లాప్‌టాప్ మూస్తే ఆ ఆలోచన పోయినట్టే. ఆయన మా బాస్ అని ఎక్కడా రాసి లేదు, కాబట్టి ఆయన మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా తెలిసేది కాదు. కుర్చీ తీసేసినంత మాత్రాన పెత్తనం పోదండీ, కంటికి కనిపించకుండా పోతుంది అంతే. నన్నడిగితే కనిపించే బాసే నయం.

నిద్రలేమి:
మీ గొడవ నయం. మాది మ్యాట్రిక్స్, ప్రాజెక్టుకో బాస్, డిపార్ట్‌మెంట్‌కో బాస్. ఇద్దరికీ శుక్రవారానికే కావాలి, రెండూ వేర్వేరు పనులు. ఒక మనిషికి ఒక్కరే ఆదేశాలివ్వాలని ఫ్రాన్స్‌లో హెన్రీ ఫయోల్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు 1916లోనే రాశాడు. మా హెచ్‌ఆర్‌కి ఇంకా చేరినట్టు లేదు.

ముక్కుసూటి:
ఆన్‌లైన్‌లో బూట్లు, చెప్పులు అమ్మే అమెరికా కంపెనీ జపోస్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2013లో హోలాక్రసీ అని మేనేజర్ పదవుల్ని ఎత్తేయబోతున్నామన్నారు. 2015లో, ఇష్టం లేనివాళ్లు డబ్బు తీసుకుని వెళ్లొచ్చంటే 100కి 14 మంది దాకా వెళ్లిపోయారు. అందరూ దానివల్లే వెళ్లారని అనను, ఊరికే డబ్బొస్తుంటే కొందరు ఎటూ వెళ్తారు.

పాతకాపు:
గాలిపటం గారూ, ఒక్కటి కనుక్కోండి. మేనేజర్లు లేకపోతే జీతం పెంపు ఎవరు తేలుస్తారు? ఇద్దరికి పడకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ రెండూ రాతపూర్వకంగా ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి.

గాలిపటం:
ఇప్పుడే మెయిల్ పెట్టాను. "మీ మేనేజర్‌ని సంప్రదించండి" అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది.