స్లాలంలో బరువెక్కుతున్న మియాటా స్టీరింగ్: పవర్ రాక్ తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న (డల్లాస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1995 మజ్దా మియాటా ఉంది. 1.8 ఇంజిన్, పవర్ స్టీరింగ్, ఏసీ కూడా పనిచేస్తుంది. కారు కాస్త కిందికి దించాను. 15 అంగుళాల డయా, 9 అంగుళాల వెడల్పు, 36 ఆఫ్‌సెట్ (వీల్ మధ్యగీత నుంచి దాన్ని బిగించే ముఖం దాకా దూరం, మిల్లీమీటర్లలో) ఉన్న వీల్స్ మీద 225/45 టైర్లు వేశాను. నేనూ మా ఆవిడా ఇద్దరం ఇదే కారుతో ఆటోక్రాస్‌కి (ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కొక్కరుగా సమయం కోసం నడిపే పోటీ) వెళ్తాం.

రెండు ఇబ్బందులు ఉన్నాయి. స్లాలంలో (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ వంకరగా వెళ్లే చోట) మూడో కోన్, నాలుగో కోన్ దగ్గర స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. నేరుగా వెళ్లేటప్పుడేమో మధ్యలో కొంచెం ఆట, అంటే వదులు, ఉన్నట్టుంది. తెలిసినవాళ్లు పవర్ స్టీరింగ్ పంపు పీకేసి డీపవర్ చెయ్యమంటున్నారు, అంటే అదే రాక్‌ని పంపు సాయం లేకుండా వాడటం. ఇంకొకరు మాన్యువల్ రాక్ (పంపు లేకుండానే తయారైన రాక్; రాక్ అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ) వెయ్యమన్నారు. చిన్న స్టీరింగ్ వీల్ కూడా కొందామనుకుంటున్నాను. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు (షార్లెట్ నుంచి)

తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనకు. నువ్వు చెప్పిన రెండు లక్షణాలకీ కారణాలు వేరు, ఆ రెండూ రాక్ మారిస్తే పోయేవి కావు.

ముందు బరువు సంగతి. మీ కారులో పవర్ స్టీరింగ్ పంపునీ ఏసీ కంప్రెసర్‌నీ ఒకే బెల్టు తిప్పుతుంది. బెల్టు వదులైనా, నున్నగా అరిగిపోయినా మామూలు రోడ్డు మీద తెలియదు. స్లాలంలో కుడికీ ఎడమకీ చకచకా తిప్పినప్పుడు రాక్‌కి నూనె చాలా వేగంగా కావాలి. సరిగ్గా అప్పుడే నువ్వు యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ వేగం పడిపోతుంది, పంపు అందించలేకపోతుంది. చేతికి గోడ తగిలినట్టు అనిపించేది అదే. బెల్టు టెన్షన్ చూడు, రిజర్వాయర్‌లో నూనె మట్టం చూడు, రంగు నల్లబడి మాడిన వాసన వస్తుంటే మొత్తం మార్చు. దానికి కావలసింది డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె). పోటీ రోజు ఏసీ ఆపేసి నడుపు.

ఇక మధ్యలో ఆట. ముందు చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని లోపల కూర్చోబెట్టి స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపమను. నువ్వు కింద చూడు. టై రాడ్ ఎండ్స్ (రాక్‌ని చక్రాలకి కలిపే కీళ్లు), రాక్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు, కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్, వీటిలో ఏది కదిలి ఏది కదలట్లేదో కంటికే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ల కారు కదా, ఏదో ఒకటి అరిగే ఉంటుంది. తర్వాత అలైన్‌మెంట్. ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా, లేదా కొద్దిగా బయటికి. ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉంటే కారు మలుపులోకి బద్ధకంగా వెళ్తుంది, జనం దాన్ని స్టీరింగ్ లోపం అనుకుంటారు.

జవాబు (శాన్ హోసే నుంచి)

అన్నా, నేను మాత్రం డీపవర్ వైపే. పంపు తీసేశాక రోడ్డు చేతిలోకి వస్తుంది. ముందు టైరు ఎక్కడ పట్టు వదులుతోందో ముందే తెలుస్తుంది. కారు బరువూ కొంత తగ్గుతుంది.

జవాబు (షార్లెట్ నుంచి)

ఆ అనుభూతి నిజమే, కాదనను. నేనూ చేసి చూశాను. మొదట రాక్‌కి ఉన్న నూనె గొట్టాలు రెండూ కలిపేసి వదిలేశాను. అలా చేస్తే లోపలి పిస్టన్ సీల్ అక్కడే ఉంటుంది, ప్రతి మలుపులో నూనెని తోస్తూనే ఉంటుంది. బరువు వచ్చింది, ఆశించిన స్పష్టత రాలేదు. తర్వాత రాక్ దించి, సీల్ తీసేసి, లోపల గ్రీజు పెట్టించి, పినియన్‌లో (రాక్‌ని కదిపే చిన్న పళ్ల చక్రం) మెలి తిరిగే టార్షన్ బార్‌ని వెల్డింగ్ చేయించాను. అప్పుడు ఆట పోయింది. చేస్తే అలాగే చెయ్యాలి, ఆ వెల్డింగ్ కూడా అనుభవం ఉన్నవాళ్ల చేతే. స్టీరింగ్‌లో వెల్డింగ్ తెగితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

కానీ లెక్క చూడు. పవర్ రాక్ నిష్పత్తి సుమారు 15:1 (స్టీరింగ్ 15 డిగ్రీలు తిప్పితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది), ఒక కొస నుంచి ఇంకో కొసకి 2.8 చుట్లు. మాన్యువల్ రాక్ 18:1, సుమారు 3.3 చుట్లు. కంపెనీవాళ్లు ఊరికే నిదానం చెయ్యలేదు, పంపు సాయం లేదు కాబట్టి చేశారు. పవర్ రాక్‌ని డీపవర్ చేస్తే మాన్యువల్ రాక్ కన్నా 20 శాతం ఎక్కువ బలం పెట్టాలి. దాని మీద 225 టైర్లు. పైగా కంపెనీ వీల్స్ ఆఫ్‌సెట్ 45, నీవి 36. అంటే చక్రం మధ్యగీత 9 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది, గతుకుల్లో చేతికి తన్నేది అందుకే.

మాన్యువల్ రాక్ తేలిక, కానీ బిగుతైన మలుపులో చేతులు ఎక్కువ తిప్పాలి. ఆటోక్రాస్ అంటే నిమిషంలో అయిపోయే పరుగు, అందులో సగం చేతుల పనే. ట్రాక్ మీద పెద్ద మలుపులకి డీపవర్ బాగుంటుంది, కోన్ల మధ్య నేను పవర్ ఉంచమనే అంటాను. ఇంకో లాభం, పవర్ ఉంటే క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) 5 డిగ్రీల దాకా ధైర్యంగా పెట్టుకోవచ్చు. స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు బయటి చక్రానికి క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) కలిసొస్తుంది. పవర్ లేకుండా అంత క్యాస్టర్ పెడితే భుజాలు పట్టేస్తాయి.

జవాబు (డెట్రాయిట్ నుంచి)

మా వారూ నేనూ కూడా ఒకే కారు నడుపుతాం. డీపవర్ చేసిన ఏడాది నా నాలుగో పరుగు ఎప్పుడూ మొదటి పరుగు కన్నా నెమ్మదిగానే వచ్చేది. సీటు ముందుకి జరిపి, మోచేతులు బాగా వంగేలా కూర్చున్నాక కొంత నయమైంది. మీ ఆవిడని అడిగి నిర్ణయించండి. ఇంకొకటి, పంపు తీసేసి ఏసీ ఉంచుకోవాలంటే బెల్టు బిగించడానికి వేరే ఐడ్లర్ పుల్లీ వెతుక్కోవాలి. డల్లాస్ ఎండలో ఏసీ వదులుకోలేరు కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. శనివారం కారు కింద పడుకుని చూశాను. బెల్టు అద్దంలా మెరుస్తోంది, ఎడమవైపు టై రాడ్ ఎండ్ చేత్తో పట్టుకుంటేనే కదులుతోంది. రెండు పక్కలా మార్చి, బెల్టు వేసి, టో సున్నా పెట్టించాను. ఆదివారం స్లాలంలో ఒక్కసారి కూడా గట్టిపడలేదు. మా ఆవిడ నా కన్నా అర సెకను ముందు వచ్చింది. రాక్ ఆలోచన మానేశాను. 350 మిల్లీమీటర్ల స్టీరింగ్ వీల్ మాత్రం వేసుకోనా?

జవాబు (షార్లెట్ నుంచి)

శుభం. వీల్ విషయంలో, 370 నుంచి 350కి వస్తే చేతికి బరువు సుమారు 6 శాతం పెరుగుతుంది, పవర్ ఉంది కాబట్టి పర్వాలేదు. మోకాళ్లకి చోటు కూడా దొరుకుతుంది. కానీ ఆ కారులో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఆ వీల్‌లోనే ఉంది. రోజూ ఆఫీసుకి ఇదే కారయితే నేను తియ్యొద్దంటాను. పోటీలకే అయితే, ముందు మీ క్లాసు నిబంధనల్లో స్టీరింగ్ భాగం చదువు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగు. ఊడదీసిన బ్యాగ్‌ని కవరు పైకి ఉండేలా పెట్టు, బోర్లా పెట్టకు.