సబ్‌మెర్సిబుల్ మోటారు థ్రస్ట్ బేరింగ్: కార్బన్ తీసేసి టంగ్‌స్టన్ కార్బైడ్ వేస్తే నిలబడుతుందా?

ఎర్రనేల:

అందరికీ నమస్కారం. నీళ్లు నింపే రకం 6 అంగుళాల మోటారు, 7.5 హెచ్‌పీ, త్రీ ఫేజ్, 12 స్టేజీల పంపు. బోరు ఆరున్నర అంగుళాలు, లోతు 150 మీటర్లు. 18 మీటర్ల దాకా కేసింగ్, కిందంతా గ్రానైటు. నీళ్ల పొర 62 మీటర్ల దగ్గర పడింది, దాని కింద ఇంకో పొర లేదు. పంపు 105 మీటర్లకు దించి ఉంది. ఆడేటప్పుడు నీటి మట్టం 85 మీటర్లకు దిగుతుంది. నిమిషానికి 150 లీటర్ల దాకా పోస్తుంది.

14 నెలల్లో థ్రస్ట్ బేరింగ్ (పంపు కిందికి తోసే బరువును మోసేది) మూడుసార్లు పోయింది. వైండింగ్‌కు ఏమీ కాలేదు. ఈసారి విప్పితే కార్బన్ ప్లేటు మీద గ్రామఫోను రికార్డులా చుట్టూ గీతలు పడి ఉన్నాయి, గోరు పెడితే తగులుతున్నాయి. ఆ ప్లేటు ఆని తిరిగే ఆరు స్టీలు ముక్కల్లో (సెగ్మెంట్లు) నాలుగింటి మీద గడ్డిపసుపు, నీలం రంగు మచ్చలు. మోటారులోంచి వంచిన నీళ్లు సిరాలా నల్లగా వచ్చాయి, అడుగున చిటికెడు ఇసుక.

కార్బన్ బదులు టంగ్‌స్టన్ కార్బైడ్ ప్లేట్లు చేయించుకోమని ఒక సలహా వచ్చింది. ఖర్చు చాలా ఎక్కువ. భూమిని తొలిచే పనిముట్లలో కార్బైడ్ బేరింగులు వాడతారు కదా, ఇక్కడెందుకు పనిచేయవు? తెలిసినవాళ్లు చెప్పండి.

కాపర్‌వైర్:

కొత్తది కొనే ముందు పాతదాన్ని చదవాలండి. ఆ బేరింగ్ రెండు రోగాలు చెబుతోంది. చుట్టూ గీతలంటే రెండు ముఖాల మధ్య ఇసుక నలిగింది. రంగు మచ్చలంటే ఆ ముఖాల మధ్య ఉండాల్సిన పలుచని నీటి పొర తెగి కార్బన్, స్టీలు నేరుగా రాసుకున్నాయి. స్టీలు ముఖం 200 డిగ్రీలు బాగా దాటితే తప్ప ఆ రంగులు రావు. నీళ్లలో మునిగి ఉన్న సెగ్మెంటు అంత వేడెక్కిందంటే ఆ క్షణాన అక్కడ నీళ్లు లేనట్టే. కార్బన్ అంచులు పెచ్చులుగా ఊడి ఉంటే దెబ్బ తగిలిందని, ఒక పక్కే అరిగి ఉంటే షాఫ్ట్ వంకరో సెగ్మెంటు బిగుసుకుపోవడమో జరిగిందని అనుకునేవాణ్ని. మీరు ఆ రెండూ చెప్పలేదు.

ముందు మోటారు అడుగున ఉండే రబ్బరు డయాఫ్రం తీసి వెలుతురుకు పట్టి చూడండి. మోటారులో ఓ 6 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుందాం. అవి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 75 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఆ పెరుగుదలను డయాఫ్రం సాగి సర్దుకోవాలి. అది గట్టిపడినా చిరిగినా ఆ 75 మిల్లీలీటర్లు ఆయిల్ సీల్ పక్క నుంచి బయటికి పోతాయి. మోటారు ఆపాక చల్లబడుతూ అంతే నీటిని బోరులోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఆపిన ప్రతిసారీ ఒక గుక్క. ఆ గుక్కలో వచ్చిన ఇసుక మోటారు అడుగుకే దిగుతుంది, థ్రస్ట్ బేరింగ్ ఉండేదీ అక్కడే. బేరింగ్ మార్చి డయాఫ్రం, ఆయిల్ సీలు, సాండ్ గార్డు (షాఫ్ట్ దగ్గర ఇసుకను అడ్డుకునేది) పాతవే ఉంచితే నాలుగైదు నెలలకు మళ్లీ అదే పని.

రెండోది, మీ సెగ్మెంట్ల దగ్గరికి అయస్కాంతం తీసుకెళ్లండి. హార్డెన్ చేసిన 420 గ్రేడు స్టీలయితే గట్టిగా అంటుకుంటుంది, 304 లేదా 202 అయితే దాదాపు అంటుకోదు. తర్వాత ముఖానికి కాకుండా పక్క అంచుకు ఆకురాయి పెట్టండి. జారిపోతే హార్డెనింగ్ ఉంది, కొరికితే లేదు. మార్కెట్లో లేత్ మీద కోసి, పాలిష్ చేసి అమ్మే మెత్తని సెగ్మెంట్లు చూడ్డానికి అచ్చం ఒరిజినల్‌లాగే ఉంటాయి.

రాపిడి_లెక్కలు:

కార్బైడ్ ప్రశ్నకు లెక్క కట్టి చెబుతాను.

ముందు బరువు. మీ హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు, పైపులో రాపిడితో కలిపి) సుమారు 110 మీటర్లు అనుకుందాం, అంటే చదరపు సెంటీమీటరుకు 11 కిలోల ఒత్తిడి. ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) కన్ను, అంటే నీళ్లు దూరే రంధ్రం, 60 ఎంఎం, షాఫ్ట్ 25 ఎంఎం అనుకుంటే ఒత్తిడి పడే వైశాల్యం 23 చదరపు సెంటీమీటర్లు. గరిష్ఠంగా 250 కిలోలు కిందికి తోస్తుంది, పైగా రోటరు బరువు. కార్బన్ ప్లేటు బయటి వ్యాసం 75, లోపలిది 35 ఎంఎం అయితే సెగ్మెంట్లు ఆనే చోటు 24 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు పది, పదకొండు కిలోలు. మంచి కార్బన్‌కు ఇది భారమే కాదు. బరువు ఎక్కువై పోతున్న బేరింగ్ కాదిది.

నిజానికి ఆ బరువును మోసేది కార్బనూ కాదు, స్టీలూ కాదు. మోసేది కొన్ని మైక్రాన్ల మందం ఉన్న నీటి పొర. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుందంటే ఈ పొర ఎంత పలుచనో చూడండి. 2880 ఆర్పీఎం దగ్గర కార్బన్ ముఖం సెకనుకు 8 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి నీళ్లు సెగ్మెంటు ముందు అంచు కిందికి దూరి, దాన్ని వెంట్రుకవాసి వాల్చి, చీలికలాంటి సందు చేసుకుని నిలబడతాయి. ఇలా వాలే సెగ్మెంటుకు మిచెల్ అనే ఇంజనీరు 1905లో ఆస్ట్రేలియాలో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో కింగ్స్‌బరీ విడిగా ఇదే కనిపెట్టి 1912లో పెన్సిల్వేనియాలోని హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో పెద్ద టర్బైన్ కింద పెట్టించాడు. మీ బోరులో ఉన్నదీ అదే ఉపాయం, సైజు చిన్నది, నూనె బదులు నీళ్లు.

నీటి చిక్కదనం 30 డిగ్రీల దగ్గర 0.8 సెంటీపాయిజ్, 60 డిగ్రీల దగ్గర 0.47. మోటారు వేడెక్కితే పొర ఆ మేరకు పలచబడుతుంది. అందుకే మీ రంగు మచ్చలు నన్ను ఇసుక కంటే ఎక్కువ కంగారు పెడుతున్నాయి.

ఇక గట్టిదనం. ఇసుకలోని క్వార్ట్జ్ వికర్స్ స్కేలు మీద 1100 చుట్టూ ఉంటుంది. హార్డెన్ చేసిన 420 స్టీలు 550 చుట్టూ. టంగ్‌స్టన్ కార్బైడ్ 1500 దగ్గర, సిలికాన్ కార్బైడ్ 2500 దగ్గర. క్వార్ట్జ్ కంటే గట్టిది కాబట్టి కార్బైడ్ మీద ఇసుక గీత పడదు, మీకొచ్చిన సలహాలో ఆ ముక్క నిజం. కానీ నీటి పొర తెగిన క్షణంలో కార్బన్ తన గ్రాఫైట్‌తో తనే జారుడు ఇస్తుంది, కాస్త అరిగి మిగతావాటిని కాపాడుతుంది. గట్టిదాని మీద గట్టిది ఉంటే ఆ సర్దుబాటు లేదు. ఒక్కసారి పొడిగా తిరిగితే వేడికి సన్నని పగుళ్లు పడతాయి, పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చే ఉలిలా తిరుగుతుంది. పైగా ముఖాలు మైక్రాను లోపు చదునుగా ల్యాపింగ్ చేసి (సన్నని పొడితో రుద్ది) ఉండాలి, మామూలు వర్క్‌షాపులో అది అయ్యే పని కాదు. కోబాల్టు బైండరు (కార్బైడ్ రేణువులను అతికి ఉంచే లోహం) ఉన్న కార్బైడ్‌ను ఆమ్ల గుణం ఉన్న నీళ్లు తినేస్తాయి, నికెల్ బైండరుది అడగాలి.

డ్రిల్లింగ్‌లో ఎందుకు పనిచేస్తుందంటే అక్కడ ఏర్పాటే వేరు. కృష్ణా-గోదావరి బేసిన్ వంటి చోట్ల చమురు, గ్యాస్ బావులు ఏటవాలుగా తవ్వేటప్పుడు బిట్ పైన మడ్ మోటారు ఉంటుంది, పైనుంచి పంపు చేసే మడ్డి (డ్రిల్లింగ్ ద్రవం) దాన్ని తిప్పుతుంది. దాని బేరింగుల గుండా ఆ మడ్డిలో కొంత భాగం ఆగకుండా పారుతూ చల్లబరుస్తుంది. రేడియల్ స్లీవుల మీద కార్బైడ్ పలకలు అతికిస్తారు. థ్రస్టుకు కొన్ని మోటార్లలో పీడీసీ బిళ్లలు (పైన కృత్రిమ వజ్రపు పొర ఉన్నవి) పొదిగిన రెండు రింగులు ఎదురెదురుగా పెడతారు. అరిగితే షాపులో స్లీవు, రింగు మార్చి మళ్లీ దించుతారు. మీ మోటారులో అదే 6 లీటర్ల నీళ్లు తిరుగుతూ ఉంటాయి, ఇసుక ఒకసారి లోపలికి వస్తే పోయే దారి లేదు.

నా మాట: థ్రస్టుకు మెటల్ ఇంప్రెగ్నేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాల్లో లోహం నింపినది), 420 స్టీలు సెగ్మెంట్లే ఉంచండి. కార్బైడ్ మీద డబ్బు పెట్టాలనుంటే పంపులో పైనా కిందా ఉండే స్లీవులు, బుష్‌లకు పెట్టండి. అక్కడ కొత్త నీళ్లు ఎప్పుడూ పారుతుంటాయి.

రిగ్గు_సుత్తి:

ఇద్దరూ బేరింగ్ గురించి చెప్పారు. నేను బోరు గురించి చెబుతా అన్నా.

ఇసుక ఎంత వస్తోందో కొలిచారా? తెల్లని 20 లీటర్ల బకెట్ పట్టి, అరగంట తేరనిచ్చి, నీళ్లు మెల్లగా వంచేసి అడుగున మిగిలింది ఆరబెట్టి తూకం వేయండి. మోటారు వేసిన మొదటి నిమిషంలో ఒకటి, 15 నిమిషాలకు ఒకటి, గంటకు ఒకటి. చాలా కేటలాగుల్లో హద్దు వెయ్యి లీటర్లకు 50 గ్రాములు. అంటే బకెట్‌కు ఒక్క గ్రాము, టీ స్పూనులో ఎనిమిదో వంతు. చూపుకు ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ నిమిషానికి 150 లీటర్ల లెక్కన రోజుకు 6 గంటలు ఆడితే ఆ లెక్కకే 2.7 కిలోల ఇసుక పంపు గుండా పోతుంది.

మొదటి నిమిషంలోనే వచ్చి తర్వాత తేరుకుంటే అది అడుగున పేరుకున్నది, కంప్రెసర్‌తో ఫ్లష్ చేయిస్తే సరిపోవచ్చు. మట్టం దిగేకొద్దీ పెరిగితే నీళ్ల పొరలోంచి గాని, కేసింగ్ అడుగు నుంచి గాని వస్తున్నట్టు. కేసింగ్ గట్టి రాతిలోకి అర మీటరు నుంచి మీటరు దిగి కూర్చోవాలి. మెత్తని రాతి మీద ఆపేస్తే ఆ సందులోంచి సుద్ద, ఇసుక జారుతూనే ఉంటాయి. ఏ బేరింగూ దాన్ని ఆపలేదు.

అసలు తప్పు మాత్రం నాకు మీ కొలతల్లోనే కనిపిస్తోంది. నీళ్లు 62 మీటర్ల దగ్గర పడి, పైనుంచి కిందికి దిగి, నేరుగా పంపు జాలీలోకి (పంపు నీళ్లు పీల్చుకునే చోటు) పోతున్నాయి. మోటారు జాలీకి కింద ఉంది. దాని ఒంటిని రాసుకుంటూ చుక్క కూడా పారడం లేదు. అడుగు నుంచి నీళ్లు వచ్చే బోరయితే మీ 150 లీటర్లు మోటారుకూ బోరు గోడకూ మధ్య సందులో సెకనుకు 0.4 మీటర్ల వేగంతో పారేవి, కావాల్సింది 0.15 మీటర్లే. మీకు సున్నా. మోటారు తన వేడిలో తనే ఉడుకుతోంది.

ఎర్రనేల:

ధన్యవాదాలండి. డయాఫ్రం తీశాను, మధ్యలో వేలు పట్టే చిరుగు. సెగ్మెంట్లకు అయస్కాంతం అంటుకోలేదు. ఇసుక గంటకు కొలిస్తే బకెట్‌కు గ్రాము లోపే.

మోటారు చుట్టూ కూలింగ్ పైపు తొడగొచ్చా? కొత్త బేరింగ్ వేసేటప్పుడు ఏం చూడాలి?

రిగ్గు_సుత్తి:

ఈ మోటారుకు వద్దన్నా. దాని ఒళ్లు 140 ఎంఎం, బోరు 165. పైపు మందం పోను చుట్టూ రెండు మూడు ఎంఎం మిగులుతుంది, రాయి కాస్త వంకరగా ఉన్నా ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే మోటారుతో పాటు బోరూ పోతుంది. ఇది ఉన్నంతకాలం గంటల తరబడి ఆపకుండా ఆడించకండి. మార్చే రోజు వస్తే 4 అంగుళాల మోటారు, పంపు తీసుకోండి, ఒళ్లు 96 ఎంఎం ఉంటుంది. దానికి 140 ఎంఎం పీవీసీ పైపు తొడిగి, పైన జాలీకి పైభాగంలో మూసి, కింద మోటారు అడుగు దాటాక తెరిచి ఉంచితే నీళ్లు కింద నుంచి పైకి మోటారును రాసుకుంటూ వస్తాయి. వేగం మళ్లీ 0.4 దగ్గరే. కొనేటప్పుడు దాని థ్రస్ట్ రేటింగ్ (బేరింగ్ ఎంత బరువు మోయగలదో) చూసుకోండి, 4 అంగుళాల వాటికి తక్కువ ఉంటుంది.

కాపర్‌వైర్:

బేరింగ్ పని ఇలా చేయించండి. సెగ్మెంట్లను మైక్రోమీటరుతో కొలిచి ఆరింటి మందంలో తేడా 0.01 ఎంఎం లోపు ఉంచండి. మందపాటి గాజు పలక మీద 800, తర్వాత 1200 నీటి ఎమెరీ కాగితం పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. కార్బన్‌ను ఆ కాగితం మీదే రుద్దకండి, స్టీలు రజను అందులో గుచ్చుకుంటుంది, దానికి వేరే కాగితం. ముఖానికి పలుచగా నీలం రంగు పూసి కలిపి తిప్పితే ప్రతి సెగ్మెంటు మీదా నూటికి 80 వంతులు అంటాలి. వేలితో నొక్కితే సెగ్మెంటు తన బుడిపె మీద ఊగాలి. ఆ బుడిపె చదునుగా నలిగిపోయి ఉంటే సెగ్మెంటు మార్చాల్సిందే, ఊగని సెగ్మెంటు కింద నీటి పొర కట్టదు. బుడిపె సెగ్మెంటు నడిమధ్యలో లేకపోతే అది ఒక దిక్కుకే పనిచేస్తుంది. అప్పుడు నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే ఆపిన ప్రతిసారీ పైపులోని నీళ్లు వెనక్కి పడి మోటారును తిరగదిప్పుతాయి.

పక్క బుష్‌లూ వదిలేయకండి. 30 ఎంఎం షాఫ్ట్‌కు బ్రాంజ్ బుష్ సందు 0.05 నుంచి 0.08 ఎంఎం ఉండాలి, 0.2 దాటితే మార్చండి. బుష్ నొక్కి దించాక లోపలి వ్యాసం కాస్త మూసుకుంటుంది, అప్పుడు మళ్లీ రీమరు వేయాలి.

చివరికి నీళ్లు నింపడం. మోటారును నిలబెట్టి, వడగట్టిన మంచి నీళ్లు మెల్లగా పోసి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ బుడగలు పోనివ్వాలి. అరగంట ఆగి మళ్లీ నింపాలి. మిగిలిన గాలి పైకే చేరుతుంది, పై బుష్ పొడిగా తిరుగుతుంది.

రాపిడి_లెక్కలు:

ఒక్కటి అడగడం మరిచాను, మీరు సోలార్ డ్రైవ్ మీద నడుపుతున్నారా? పొద్దున్నే ఎండ చాలక 20 హెర్ట్జ్ దగ్గర తిరుగుతూ ఉంటే నీటి పొర సరిగా కట్టదు, వేగమే దాన్ని కడుతుంది. కనిష్ఠం 30 హెర్ట్జ్ పెట్టించి, మోటారు మొదలైన ఒక్క సెకనులో అక్కడికి చేరేలా సెట్ చేయించండి. ఎండ అంతకు చాలకపోతే మోటారు ఆగి ఉండటమే మేలు.

ఎర్రనేల:

సోలార్ కాదండి, లైను కరెంటే. డయాఫ్రం, సీలు, 420 సెగ్మెంట్లు, మెటల్ ఇంప్రెగ్నేటెడ్ కార్బన్ ఆర్డరు పెట్టాను. నాన్ రిటర్న్ వాల్వులో రేకు పీకేసి ఉంది, అదీ కొత్తది వేయిస్తున్నాను.