రిబ్ అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టాలా, చూసి అల్లాలా?

కృష్ణాతీరం:
మా అబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. విజయవాడలో కూర్చుని వాడికి స్వెట్టరు అల్లుతున్నాను. అరచేతులకు చెమట పట్టి ఊలు సూదికి అతుక్కుపోతోంది, ఆ బాధ వేరే. వెనక భాగానికి 11 నంబరు సూది మీద 98 కుట్లు ఎక్కించాను. బోర్డరు రెండు నిట్ (నున్నటి కుట్టు), రెండు పర్ల్ (బుడిపె కుట్టు), అంటే నిలువు చారలు తేలే రిబ్. ప్రతి వరసా "రెండు నిట్, రెండు పర్ల్" అని గొణుక్కుంటూనే అల్లాను. ఎప్పుడు ఎంచినా 98 ఉన్నాయి. తీరా ఎనిమిది వరసలయ్యాక చూస్తే నిలువు చారలు లేనే లేవు! మొక్కజొన్న గింజలు పరిచినట్టు అంతా బుడిపెలే. లాగితే రిబ్‌లా సాగి దగ్గరకు రావడం లేదు. తప్పెక్కడ జరిగింది? మీరంతా కుట్లు ఎలా గుర్తుపెట్టుకుంటారు?

అత్తగారి సూదులు:
మీ లెక్క తప్పలేదండీ, లెక్కను నమ్ముకోవడమే తప్పయింది. 98ని నాలుగుతో భాగిస్తే రెండు మిగులుతాయి. అంటే వరస రెండు నిట్‌తో మొదలై రెండు నిట్‌తోనే ముగుస్తుంది. అల్లిక తిప్పి పట్టుకుంటే ఆ చివరి రెండూ ఇటువైపు పర్ల్‌గా కనిపిస్తాయి, వాటిని పర్లే అల్లాలి. మీరు పాత పాఠమే అప్పజెబుతూ మళ్లీ నిట్‌తో మొదలుపెట్టారు. ప్రతి కుట్టూ వరస వరసకూ తారుమారైంది.

నోరు కట్టేసి సూది కింద చూడండి. నిట్ కుట్టు జడపాయలా నున్నగా దిగుతుంది. పర్ల్ కుట్టుకు మెడలో కంటె వేసినట్టు అడ్డంగా ఒక బుడిపె ఉంటుంది. కంటె ఉంటే పర్ల్, లేకపోతే నిట్. ఫోను మోగినా, పాలు పొంగినా, లేచి వచ్చి ఎక్కడ ఆపారో అక్కడే అందుకోవచ్చు. లెక్కపెట్టేవాళ్లు మాత్రం వరస మొదటికి పోవాలి.

పిన్నీసు:
వినడానికి బాగానే ఉంది. నల్ల ఊలుతో రాత్రి ట్యూబులైటు కింద అల్లి చూడండి, కంటె కనిపిస్తుందో కాసులపేరు కనిపిస్తుందో! పైగా కుట్లు ఎక్కించాక మొదటి వరసలో చూడటానికేముంది? అక్కడ లెక్కే దిక్కు. నేను ఇరవై కుట్లకొక పిన్నీసు సూదికి తొడుగుతాను. వరసంతా తప్పే ప్రశ్నే లేదు, తప్పితే ఆ ఇరవైలోనే తప్పుతుంది.

ఇరవై అని ఊరికే అనలేదు. చాలామంది పదికొకటి పెడతారు. పది నాలుగుతో తెగదు కాబట్టి ఒక పిన్నీసు దగ్గర నిట్, తర్వాతి దాని దగ్గర పర్ల్ మొదలవుతాయి. దాంతో గుర్తే తికమక పెడుతుంది.

చలిదేశం:
మిన్నెసోటాలో ఉంటాను, ఏటా టోపీలు అల్లుతాను. గుండ్రంగా అల్లేవాళ్లకు ఈ గొడవ సగం తగ్గుతుంది. అల్లిక తిప్పే పని లేదు, దాని ముఖం ఎప్పుడూ మనవైపే, నిట్ మీద నిట్, పర్ల్ మీద పర్ల్. చుట్టు మొదలయ్యే చోట ఒక్క గుర్తు చాలు.

అయినా నేను పూర్తిగా చూపు పక్షం కాదు. నిట్ అల్లి పర్ల్‌కు మారేటప్పుడు ఊలును రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తేవాలి కదా. అది మరిచి ఊలును సూది మీదుగానే లాగేస్తే అక్కడో దొంగ కుట్టు పుడుతుంది. కిందటి చలికాలం 96తో మొదలుపెట్టిన టోపీలో చివరికి 99 తేలాయి. చూస్తూనే అల్లాను మరి! అప్పటి నుంచి నాలుగు చుట్లకొకసారి మొత్తం ఎంచుతున్నాను.

అత్తగారి సూదులు:
దొంగ కుట్టు కూడా కంటికి దొరుకుతుందండీ. రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయి, మూడోదానికి కింద వేరు ఉండదు, ఊరికే సూది మీద వాలి ఉంటుంది. మీరు చూశారు కానీ సినిమా కూడా చూశారేమో.

నల్ల ఊలు సంగతంటారా, మా అత్తగారు శుక్లాల ఆపరేషనుకు ముందు రెండేళ్లు బొటనవేలితో తడిమే అల్లారు. హైదరాబాదు మనిషి, ఆవిడకు నిట్, పర్ల్ తెలియవు, సీదా, ఉల్టా అనేవారు. వేలికి నున్నగా తగిలితే సీదా, గరుకుగా తగిలితే ఉల్టా.

పిన్నీసు:
అత్తగారికి నమస్కారం. కానీ ఒక్క మాట. కృష్ణాతీరం గారు 98కి ఇంకొక్క కుట్టు కలిపి 99 చేసి, ప్రతి వరసా అదే పాఠం "రెండు నిట్, రెండు పర్ల్" నడిపి, చివర రెండు నిట్, ఒక పర్ల్‌తో ముగిస్తే ఏమవుతుందో తెలుసా? మిస్టేక్ రిబ్ అనే అసలు సిసలు నమూనా వస్తుంది. రెండువైపులా ఒకేలా, మఫ్లరుకు బ్రహ్మాండంగా ఉంటుంది. అందులో నాలుగు నిలువుల్లో రెండు మీ కంటె సూత్రానికి ఎదురు తిరుగుతాయి. చూసి అల్లారో, మామూలు రిబ్ అయి కూర్చుంటుంది.

అత్తగారి సూదులు:
ఇది ఒప్పుకుంటాను. అయితే ఆ నమూనాకు మాత్రమే. మామూలు బోర్డరుకు లెక్క అక్కర్లేదన్న మాట మీద ఉన్నాను.

కృష్ణాతీరం:
ఎనిమిది వరసలూ విప్పి మళ్లీ మొదలుపెట్టాను. మొదటి రెండు వరసలు లెక్కతో, ఆ తర్వాత కంటె చూసి. ఇరవైకొకటి చొప్పున నాలుగు పిన్నీసులు కూడా ఉన్నాయి, ఎవరినీ నొప్పించదలచుకోలేదు. పదకొండో వరసలో ఒక నిట్ బదులు పర్ల్ పడిందని రెండు వరసలు పైకొచ్చాక కనిపించింది. ఈసారి అంతా విప్పలేదు. ఆ ఒక్క కుట్టును సూది నుంచి వదిలి, తప్పు దాకా జార్చి, నిచ్చెన మెట్లలా మిగిలిన ఊలును క్రోషా సూదితో ఒక్కొక్క మెట్టూ పైకి లాగాను. చేతులు వణికాయి కానీ చార అతికినట్టు కుదిరింది.

ఇప్పుడే అబ్బాయి ఫోను చేసి 'వి' మెడ వద్దు, గుండ్రంగా కావాలన్నాడు. మెడ రిబ్‌కు కుట్లు ఎన్ని ఎత్తాలో వేరే చర్చ మొదలుపెడతాను, అందరూ అక్కడికి రండి.