కొబ్బరి చెట్టెక్కి దింపు (కాయ కోత) తీసేవాళ్లకి సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా?

లంక కొబ్బరి:
మొన్న మా ఊళ్లో రైతులం కూర్చున్నప్పుడు ఒకాయన ఓ ప్రతిపాదన పెట్టారు. ఇకమీదట శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే దింపు తీయించాలని. సగంమంది సరేనన్నారు, మిగతావాళ్లు ‘అయితే కాయ చెట్టుమీదే ఎండుద్ది’ అని లేచిపోయారు. నేను సరే అన్నవాళ్లలో ఉన్నాను. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ పేరుతో ఆరు రోజుల శిక్షణ ఇస్తోంది. చెట్టెక్కే యంత్రం ఇస్తారు, ప్రమాద బీమా ఉంది, మొవ్వు (చెట్టు తల) శుభ్రం చేయడం, పురుగుమందు వేయడం కూడా నేర్పుతారు. ఇవన్నీ ఉండగా పాత పద్ధతిలోనే ఎక్కించి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకండి?

బంధం బాబాయ్:
ఆయ్, నేను దింపు తీసేవాణ్ణేనండి. మీరు చెప్పిన యంత్రం నేనూ ఎక్కి చూశాను. రెండు చట్రాలు, ఒక్కోదానికి ఇనప తీగ. ఆ తీగ చెట్టు చుట్టూ తిప్పి బిగించాలి, పైకెళ్లేకొద్దీ మాను సన్నబడితే మళ్లీ చూసుకోవాలి. దిగాక విప్పి, భుజానేసుకుని, బోదె (నీటి కాలువ) దాటి పక్క చెట్టుకి మోసుకెళ్లాలి. మధ్యలో అంతరపంటగా వేసిన కోకో కొమ్మలు అడ్డం. కాళ్లకి వేసుకునే తాడు బంధంతో అయితే ఆపాటికి ఇంకో చెట్టు దిగిపోతాను. మాకు కూలీ చెట్టు లెక్కన కదండి, రోజు లెక్కన కాదు. ఇంకోటి, యంత్రం మీద నిలబడితే ఒక పక్కనే ఉంటాం, అవతలి గెల అందుకోవాలంటే ఒళ్లు వంచాల్సిందే. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి అది మంచిదే, కాదనను. కానీ మాను మొదట్లో ఎర్రటి జిగురు కారుతున్న చెట్టు ఎక్కకూడదని, వాన వెలిసిన పూట నాచు మీద కాలు ఆనదని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాకిప్పుడు పరీక్ష పెట్టేదెవరండి?

గోదారోడు, బర్మింగ్‌హామ్:
బాబాయ్ గారూ, మీ అనుభవాన్ని ఎవరూ కాదనడం లేదు. నేనుండే చోట చెట్లు కొట్టే పని దగ్గరగా చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. బ్రిటన్‌లో చెట్టు మీద రంపం పట్టేవాడికి అర్హత సర్టిఫికెట్ అడుగుతారు నిజమే, కానీ చట్టం మెడ పట్టుకునేది అతన్ని పనికి పెట్టుకున్న యజమానిది. 1998 నిబంధనల ప్రకారం పనిముట్టు చేతికిచ్చేముందు తగిన శిక్షణ ఉందో లేదో చూడాల్సింది అతనే. మనిషిని మోసే తాళ్లు, బెల్టుల్ని ఆరు నెలలకోసారి తెలిసినవాళ్ల చేత తనిఖీ చేయించాలి. మనిషి చెట్టెక్కితే కింద కనీసం ఇంకొకరుండాలి. ఊరికే ఉండటం కాదు, పైన చిక్కుకున్నవాణ్ణి ఎక్కి దించగలిగినవాడై ఉండాలి. మన తోటల్లో కింద ఉండేదెవరు? కాయలు ఏరేవాళ్లు. వాళ్లలో ఎక్కగలిగినవాళ్లు ఎంతమంది?

కౌలు కష్టం:
ఇంగ్లండు రూల్సు ఇక్కడ చెప్తే ఎలాగండి. కాయ ధర పడిపోయిన ఏడు దింపు ఖర్చు కూడా గిట్టదు, ఇంక తాళ్ల తనిఖీ ఒకటా? నావరకు గెడకి కత్తి కట్టి కిందనుంచే కోయిస్తున్నాను. (కరెంటు తీగల దగ్గర మాత్రం వద్దండోయ్, పచ్చి గెడ కూడా షాకు కొడుతుంది.)

అమలాపురం అమ్మాయి:
అందరూ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయారు. మా పిన్ని కొడుకు చెట్టుమీంచి పడ్డప్పుడు జరిగింది చెప్తాను. తోట రైతు ‘కాయ నేను అమ్మేశాను, మనుషుల్ని తెచ్చుకుంది కొన్నాయన’ అన్నారు. కొన్నాయన ‘నేను మేస్త్రీకి గుత్తకిచ్చాను’ అన్నాడు. మేస్త్రీ కూడా చెట్టెక్కేవాడే, అతనేం ఇస్తాడు? మావాడి జేబులో సర్టిఫికెట్ ఉన్నా ముగ్గురూ ఇదే మాట అనేవాళ్లు, పైగా ‘శిక్షణ తీసుకున్నవాడివి, నీ తప్పే’ అనేవాళ్లు. ముందు యజమాని ఎవరో తేల్చండి, కాగితం సంగతి తర్వాత. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందిగా అంటారేమో. అది మనిషి పోతే రెండు లక్షలు, శాశ్వత వైకల్యమైతే దాన్నిబట్టి ఇస్తుంది. కాలు విరిగి నాలుగు నెలలు మంచాన ఉంటే పైసా రాదు.

లంక కొబ్బరి:
అమ్మా, మీరన్నది సబబే. నేను ప్రతిపాదనని ఇలా మార్చి పెడతాను: కాయ ఎవరు కొన్నా, మనుషుల్ని ఎవరు తెచ్చినా, తన తోటలో చెట్టెక్కేవాడికి బీమా ఉందో లేదో రైతు అడగాలి, లేకపోతే ఆ రోజు దింపు ఆపాలి. బెల్టు, తాడు కొన్నాయన ఖర్చు. పాతవాళ్లని క్లాసులో కూర్చోబెట్టకుండా చెట్టుదగ్గరే పరీక్షించి కాగితమివ్వాలి. కొత్తవాళ్లకి మాత్రం శిక్షణ తప్పనిసరి.

కౌలు కష్టం:
కొన్నాయన ఆ ఖర్చు కాయ ధరలో కోసేస్తాడు. రాసి పెట్టుకోండి.

బంధం బాబాయ్:
కొయ్యనీయండి, ఇప్పుడు మా ఒంట్లోంచి కోస్తున్నారు కదా. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం అని చెట్టుమీంచి పడిపోకుండా కిట్లు ఇచ్చారు, ఇక్కడ మాకూ ముందు అలాంటిది ఇప్పించండి. మా అబ్బాయిని ఆ ఆరు రోజుల శిక్షణకి పంపడానికి నేను సిద్ధమేనండి. ఆ ఆరు రోజుల కూలీ ఎవరిస్తారో మటుకు లంక గారు మీ సమావేశంలో అడిగి చెప్పాలి.