కొత్త మడత చాకు తెరుచుకోవట్లేదు, ఏం చేయాలి?

కొమ్మచివర
ఈ మధ్యే ఒక మడత చాకు కొన్నాను. బ్లేడు మూడు అంగుళాల పైన ఉంటుంది, పిడి మొత్తం లోహమే. బొటనవేలితో నెట్టడానికి బ్లేడు మొదట్లో చిన్న బొడిపె ఉంది. వీడియోల్లో అందరూ ఒంటి చేత్తో టక్కున తెరిచేస్తుంటారు. నా చేతిలో మాత్రం అది కదలనంటోంది. గట్టిగా నెడితే వేలు జారి అంచు వైపు పోతోంది, అదే టెన్షన్. రెండు చేతులతో లాగితే వస్తుంది గానీ లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడుతుంది. నూనె వేయాలా, స్క్రూ వదులు చేయాలా, వాడుతూ పోతే అదే సర్దుకుంటుందా? వాడినవాళ్లు చెప్పండి.

పాతపెట్టె
అదే సర్దుకుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడల్లా తెరుస్తూ మూస్తూ ఉండండి. కొత్తవన్నీ ఇంతే.

తుప్పుశత్రువు
డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి, పని అయిపోతుంది.

లేత్‌పని
కొమ్మచివర గారూ, నూనె, స్క్రూడ్రైవర్ రెండూ కాసేపు పక్కన పెట్టండి. బ్లేడును వెన్ను వైపు (పదును లేని వైపు) నుంచి పట్టుకుని, రెండు చేతులతో మెల్లగా, మూసిన దగ్గర్నుంచి పూర్తిగా తెరిచేదాకా తిప్పి చూడండి. బిగువు ఎక్కడ తగులుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదట్లో మాత్రమే గట్టిగా ఉండి, కాస్త కదలగానే తేలికైపోతే అది లోపం కాదు. మీరు చెప్పిన తరహా చాకుల్లో చాలావాటికి, తెరిచిన బ్లేడును మూసుకోకుండా ఆపే లాక్ పట్టీ మీద ఒక చిన్న గుండు ఉంటుంది, స్టీలుదో సిరామిక్‌దో. చాకు మూసినప్పుడు అది బ్లేడు మొదట్లో ఉన్న గుంటలో కూర్చుంటుంది. జేబులో బ్లేడు దానంతటది తెరుచుకోకుండా పట్టి ఉంచేది ఆ గుండే. దాన్ని గుంటలోంచి లేపేదాకానే బలం కావాలి.

మొదటి నుంచి చివరిదాకా ఒకేలా బిగువుంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ ఎక్కువ బిగించి ఉండాలి, లేదా లోపల గ్రీజు చిక్కగా ఉండాలి. గరగర కూడా ఉంటే పాలిష్ పట్టినప్పటి పొడి లోపలే మిగిలిపోయిందని అనుమానించాలి. ఇక ఒక్క చోటే గీరుకుంటోందంటే బ్లేడు మధ్యకు లేదు, పక్క రేకుకు తగులుతోంది. చాకు మూసి పైనుంచి చూస్తే కనిపిస్తుంది. అది నూనెతో పోయేది కాదు. కొత్తదే కాబట్టి మార్చి ఇమ్మని అడగడం నయం.

ఇంకో సంగతి. పిడి మొత్తం లోహం అన్నారు కదా, పిడి వెనక పలకనే కొంత మేర కోసి లాక్‌గా వాడారేమో చూడండి. అలా ఉంటే, తెరిచేటప్పుడు మీ మధ్యవేలూ ఉంగరపు వేలూ ఎక్కడ ఆనుతున్నాయి? ఆ ముక్క మీదే అయితే, పిడిని ఎంత గట్టిగా పడితే గుండు అంత గట్టిగా గుంటలో దిగబడుతుంది. తలుపుకి మనమే కాలు అడ్డం పెట్టి లాగుతున్నట్టన్నమాట.

కొమ్మచివర
వెనక పలకలో కోత ఉంది, వేళ్లు సరిగ్గా దాని మీదే ఉన్నాయి! బిగువు మొదట్లోనే. గరగర మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉంది.

లేత్‌పని
అయితే మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. వేళ్లను ఆ ముక్క మీద నుంచి తీసి, జేబుకు తగిలించే క్లిప్ మీదకో పిడి అంచు మీదకో జరపండి. బొటనవేలి దిశ కూడా ముఖ్యం. బొడిపెను బ్లేడుకేసి అదమకండి, బ్లేడు పొడవునా ముందుకీ తోయకండి. పిడికి దూరంగా, పక్కకు నెట్టండి. బ్లేడు తిరిగే కొద్దీ వేలు కూడా దాని వెంటే తిరగాలి. గరగర సంగతి తర్వాత చూద్దాం.

గోరుబాధ
ఇదే చర్చలో నాదీ అడుగుతాను. నాది విక్టోరినాక్స్ స్విస్ చాకు, ఎర్ర పిడి. దానికి బొడిపె, గిడిపె ఏమీ లేవు, గోటితో లాగాల్సిన గాడి మాత్రమే. చిన్న బ్లేడు లాగబోతే గోరు విరిగింది. ఇరుసు స్క్రూ కోసం వెతికితే కనిపించలేదు.

లేత్‌పని
అందులో స్క్రూ ఉండదు, రివెట్లే. వదులు చేసే ఆలోచన మానుకోండి. అది వెన్ను స్ప్రింగు చాకు. పిడిలో పొడవునా ఉన్న స్ప్రింగు బ్లేడు మొదలును నొక్కి పట్టి ఉంచుతుంది. విడిగా లాక్ ఉండదు. తెరిచేటప్పుడు మొదటి కొద్ది దూరమే బరువు, తర్వాత తేలిక, చివర్లో మళ్లీ టక్కున కూర్చుంటుంది. వాడే కొద్దీ బ్లేడు మొదలూ స్ప్రింగూ ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కుతాయి, కాస్త తేలిక అవుతుంది. స్ప్రింగు బలం మాత్రం పెద్దగా తగ్గదు. ఎంత నూనె వేసినా అంతే. పాతపెట్టె గారు చెప్పిన ‘సర్దుకోవడం’ రాపిడికి వర్తిస్తుంది, స్ప్రింగుకు కాదు.

ఆ చాకుల్లో పెద్ద బ్లేడూ చిన్న బ్లేడూ ఒకే స్ప్రింగు మీద ఉంటాయి. ఒకటి సగం తెరిచి ఉండగా రెండోది లాగితే స్ప్రింగు మీద భారం ఎక్కువవుతుంది. ఒకదాన్ని పూర్తిగా మూసి, అప్పుడు రెండోది లాగండి.

వంటింటికాపలా
గోరుబాధ గారూ, గోరు తడిగా ఉన్నప్పుడు ప్రయత్నించకండి, స్నానం చేసి వచ్చాక అసలే వద్దు. గోరు మెత్తబడి ఇట్టే వంగిపోతుంది. గాడిలో నాణెం అంచు పెట్టి మెల్లగా లేపితే బ్లేడు కాస్త పైకి వస్తుంది. ఆ తర్వాత వెన్ను దగ్గర రెండు వైపులా వేళ్లతో పట్టుకుని లాగేయొచ్చు. వేళ్లు జారుతుంటే రబ్బరు గ్లవ్ ముక్క అడ్డం పెట్టుకోండి. పంటితో లాగేవాళ్లను చూశాను, తలుచుకుంటేనే భయమేస్తుంది. పట్టకారు కూడా వద్దు, గీతలు పడతాయి, జారితే చెయ్యి తెగుతుంది.

గోరుబాధ
నాణెం పనిచేసింది అక్కా, థాంక్స్.

చెక్కపిడి
ఒపినెల్ (చెక్క పిడి మడత చాకు) వాడేవాళ్లెవరైనా ఉన్నారా? కొత్తది. బ్లేడు అసలు బయటికే రావట్లేదు. స్ప్రింగు లేదు, గుండు లేదు, మరి ఏం పట్టుకుంది?

వంటింటికాపలా
ముందు ఉంగరం చూడండి. తెరిచాక బ్లేడు మూసుకుపోకుండా ఆపే ఆ లోహపు ఉంగరం, పిడి కొసన ఉండేది, 1955 నుంచీ ఉంది. 2000 నుంచి అది మూసినప్పుడు కూడా బ్లేడును బంధిస్తుంది. ఉంగరం తిరిగి ఉంటే ఎంత లాగినా రాదు. దాని చీలికను బ్లేడుకు ఎదురుగా తెచ్చి చూడండి.

అయినా రాకపోతే తప్పు చెక్కది. మామూలు ఒపినెల్ పిడి బీచ్ చెక్క. గాలిలో తేమ ఎక్కువైతే ఉబ్బి, బ్లేడును రెండు పక్కలా నొక్కేస్తుంది. పిడి చివరను గట్టి బల్ల అంచుకు ఒకసారి తడితే బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది. ఫ్రాన్సులో ఆ చాకు పుట్టిన సవోయి ప్రాంతం వాళ్ల పద్ధతి ఇదే. తట్టేటప్పుడు రెండో చెయ్యి బ్లేడు వచ్చే దారిలో ఉండకూడదు.

కడిగిన వెంటనే ఇలా అయితే ఏమీ చేయకుండా నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే చెక్క పగలొచ్చు. మళ్లీ మళ్లీ అవుతుంటే ఇరుసు దగ్గరి చెక్కకు అవిసె నూనె పట్టించి బాగా ఆరనివ్వాలి. ఒక్క హెచ్చరిక: ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టి పారేయండి.

చెక్కపిడి
ఉంగరమే! హమ్మయ్య. సుత్తి తీసే దాకా వెళ్లాను.

తుప్పుశత్రువు
ఇంతకీ నా డబ్ల్యూడీ-40 మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు 🙂

లేత్‌పని
చెబుతా బ్రో. లోపలి మురికిని కరిగించి బయటికి తేవడానికి అది బాగానే పనిచేస్తుంది. నీటిని తరిమేయడానికే దాన్ని తయారుచేశారు. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలే పొర పలుచన. అందుకే కొట్టిన రోజు జారుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. దానితో కడిగి, తుడిచి, ఆపైన అసలు నూనె ఒక్క చుక్క వేస్తే సరి. ఒక్క చుక్కే. ఎక్కువైతే జేబులో దూదీ దుమ్మూ అంతా అక్కడే చేరతాయి.

వంటింటికాపలా
ఆ చాకుతో పండ్లు కోస్తారా అన్నది కూడా చూసుకోవాలి. కుట్టుమిషన్ నూనె జారుడు బాగానే ఇస్తుంది గానీ తినే వస్తువుకు తగలకూడదు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ అయితే ఆ భయం లేదు. వంటనూనె మాత్రం వేయొద్దు. కొన్నాళ్లకు జిగురై కంపు కొడుతుంది, ఆ తర్వాత బ్లేడు ఇంకా బిగుసుకుంటుంది.

పాతపెట్టె
సరే, నూనె అయింది. స్క్రూ సంగతి ఎవరూ ఎత్తరే? నా చాకుల్లో సగం ఇరుసు కాస్త వదులు చేస్తేనే దారికొచ్చాయి.

లేత్‌పని
వదులు చేయొచ్చు, కానీ అది చివరి మెట్టు. ఎక్కువగా టార్క్స్ (నక్షత్రం ఆకారపు గుంట ఉన్న) స్క్రూలే ఉంటాయి, టి-6, టి-8 సైజులు. సరైన మొన లేకుండా చేతికి దొరికినదానితో తిప్పితే తల అరిగిపోతుంది. బ్లేడుకు టేపు చుట్టి, పూర్తి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పండి. తెరిచి, మూసి, చూసి, అవసరమైతే మరికాస్త. ఇరుసుకు రెండు వైపులా స్క్రూ ఉండి, ఒక వైపు తిప్పితే మొత్తం తిరుగుతుంటే రెండో వైపు ఇంకో డ్రైవర్‌తో పట్టుకోవాలి.

తర్వాత రెండు పరీక్షలు. బ్లేడు తెరిచి లాక్ చేసి, వెన్ను పట్టుకుని పక్కలకు ఊపితే ఆడకూడదు. చాకు మూసి, తలకిందులుగా పట్టి మెల్లగా విదిలిస్తే బ్లేడు బయటికి రాకూడదు. రెండో పరీక్షలో తప్పిన చాకు ఎంత సాఫీగా తెరుచుకున్నా నేనైతే జేబులో పెట్టను. ఇరుసు వదులైనా, గుండు పట్టు తక్కువైనా ఇదే ప్రమాదం.

స్క్రూ అసలు కదలకపోతే బలవంతం చేయకండి. కంపెనీలో మరకు జిగురు వేసి ఉంటారు. వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కాసేపు ఆనిస్తే మెత్తబడుతుంది. మళ్లీ బిగించేటప్పుడు లాక్‌టైట్ అనే ఆ మర జిగురు నీలం రంగుది ఒక్క చుక్క చాలు. ఎరుపుది వేస్తే మళ్లీ విప్పడానికి బాగా వేడి చేయాల్సిందే. ఇంకోటి, మొత్తం విప్పితే వారంటీ పోతుందనే కంపెనీలు ఉన్నాయి, ముందు ఆ కాగితం చదవండి.

పాతపెట్టె
ఇరుసు దగ్గరి వాషర్లు ఇత్తడి రంగులో ఉంటే కొంచెం ఓపిక పట్టండి. అవి ఫాస్ఫర్ కంచువి, అరిగి నునుపెక్కడానికి టైం పడుతుంది. ఒకసారి దారికొస్తే బేరింగుల కన్నా నాకు అవే ఇష్టం, దుమ్ము పడినా అంతగా పట్టించుకోవు.

కొమ్మచివర
అప్‌డేట్. వేళ్లు క్లిప్ మీదకు జరిపాను, ఒంటి చేత్తో వచ్చేసింది. స్క్రూ ముట్టుకోలేదు. స్టెయిన్‌లెస్ కాబట్టి గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి, అందులోనే తెరుస్తూ మూస్తూ కడిగాను. నల్లటి మడ్డి చాలానే వచ్చింది. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి ఒక చుక్క పారాఫిన్ వేశాను. గరగర దాదాపు పోయింది, కొద్దిగా మిగిలింది.

లేత్‌పని
ఆ మిగిలింది వాడకంతో పోతుంది. ఇప్పుడు మాత్రం పాతపెట్టె గారి మాట వినండి.

ఎడమవాటం
నాది ఎడమ చెయ్యి. ఇలాంటి లాక్ ఉన్న చాకే, వేళ్లు ఎక్కడ పెట్టినా తెరుచుకోదు. అన్నా, నేనేం చేయాలి?

లేత్‌పని
ఆ లాక్ కుడిచేతి వాళ్ల కోసం చేసింది తమ్ముడూ. ఎడమ చేత్తో పడితే మీ బొటనవేలి మొదలు లాక్ ముక్క మీద పడుతుంది, వేళ్లు జరిపినా లాభం లేదు. అరచేతిని కాస్త ఎడంగా ఉంచి, పిడిని వేళ్ల కొసలతోనే పట్టుకుని చూడండి. కుదరకపోతే దాన్ని రెండు చేతులతోనే తెరవండి. ఈసారి కొనేటప్పుడు వెన్ను మీద లాక్ ఉన్నదో, పిడికి అడ్డంగా కడ్డీ ఉండి రెండు వైపులా లాగగలిగేదో చూడండి. అడ్డ కడ్డీ లాక్‌తో ఇంకో సౌకర్యం: కడ్డీ వెనక్కి లాగి పట్టుకుంటే బ్లేడు స్వేచ్ఛగా ఊగాలి. ఊగకపోతే బిగువు ఇరుసులో ఉన్నట్టే, ఇక వెతకనక్కర్లేదు. అలా చూసేటప్పుడు వేళ్లు దూరంగా ఉంచండి, బ్లేడు ఒక్కసారిగా పడుతుంది.