పోర్చుగీసులో "ఇప్పుడే చేస్తాను" అనడం ఎలా? లిస్బన్‌కి కొత్త

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్నా. బయట బస్సులో, షాపులో నోరు పెగలట్లేదు. యాప్‌లో భవిష్యత్తు కాలం పట్టిక చూస్తేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఆ పట్టిక జోలికి ఇప్పుడే వెళ్లకు. "ఫరేయ్" (చేస్తాను) లాంటి రూపాలు ఎక్కువగా రాతలో, వార్తల్లో కనిపిస్తాయి. వీధిలో జనం "ఇర్" (వెళ్లడం) క్రియతోనే పని కానిస్తారు. నేను అయితే వో, నువ్వు అయితే వాయ్ష్, మీరు అన్నా అతను, ఆమె అన్నా వాయ్, మనం అయితే వాముష్, వాళ్లు అయితే వావ్ఁ. దాని పక్కన అసలు క్రియ పెట్టెయ్, అంతే: "వో ఫజేర్" అంటే చేస్తాను. మధ్యలో ఏమీ రాదు. స్పానిష్ వచ్చినవాళ్లు "ఆ" అని ఒకటి ఇరికిస్తుంటారు, అది ఇక్కడ తప్పు.

మెట్రో కిక్కిరిసి ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడితే వెనక నుంచి "వాయ్ సయీర్?" అంటారు. దిగుతున్నారా అని. దిగేదుంటే "వో, సిఁ" అను, లేకపోతే పక్కకి జరిగి దారివ్వు.

పనిచోట కావలసినవి రెండు, ఈరోజే బట్టీ పట్టు. "వో షెగార్ అత్రజాదు" అంటే ఆలస్యంగా వస్తాను (ఆడవాళ్లయితే అత్రజాద). "అమాన్యా నావ్ఁ వో పుదేర్ వీర్" అంటే రేపు రాలేను. సూపర్‌వైజర్‌కి ముందే మెసేజ్ పెడితే సగం గొడవ ఉండదు.

ఎవరైనా పిలిస్తే మనకి "వస్తున్నా" అని నోటికొచ్చేస్తుంది. ఇక్కడ మాత్రం "ఝా వో" (ఇదిగో వెళ్తున్నా) అనాలి. పిలిచిన మనిషి వైపు కదలడం కూడా వాళ్లకి వెళ్లడమే.

ఇంకో జవాబు: అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఊరు వెళ్లడం గురించే చెప్పాలంటే "వో ఇర్" అనొద్దు. "అమాన్యా వో ఆవు పోర్తు" (రేపు పోర్తు నగరానికి వెళ్తాను) చాలు, రేపు అన్న మాటే కాలాన్ని చెప్పేస్తుంది. నీ యాప్ డ్యువోలింగో అయితే అది బ్రెజిల్ పద్ధతి. ఈ వాక్యాల అమరిక రెండుచోట్లా ఒకటే కానీ పలుకు బాగా తేడా, వాయ్ష్ అక్కడ అంతగా వినపడదు. తెలియని పెద్దవాళ్లతో వాయ్ష్ అనకు, వాయ్ అను.

వీలుంటే ఐఈఎఫ్‌పీ (ఇక్కడి ప్రభుత్వ ఉపాధి, శిక్షణ సంస్థ) వాళ్ల "పోర్తుగేష్ లింగువ ద్ అకొల్యిమెంతు" క్లాసులో చేరు, అది వలస వచ్చినవాళ్లకి పోర్చుగీసు నేర్పేది. ఫీజు ఉండదు. ఎ2 (ప్రాథమిక స్థాయి) సర్టిఫికెట్ వస్తే తర్వాత పౌరసత్వం దరఖాస్తుకీ పనికొస్తుంది. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఈ వారమే పేరిచ్చెయ్.