వెంటాడే వ్యక్తి పూర్వపరిచితుడైతే ప్రమాదం తక్కువా?

ప్రశ్న: అపరిచితుడు వెంటాడితే అందరూ భయపడతారు, మాజీ భాగస్వామి అయితే మాత్రం “కొన్నాళ్లకు అతనే సర్దుకుంటాడు” అంటారు. ఈ అంచనా సరైనదేనా?

సమాధానం 1: కాదు. ఉత్తర అమెరికాలో 1005 మంది వేధింపుదారులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, హింస అత్యధికంగా కనిపించింది మాజీ భాగస్వాములలోనే. బాధితురాలి రాకపోకలు, స్నేహితులు, చివరికి పాస్‌వర్డ్‌లు కూడా తెలిసినవాడికి కొత్త ఫోన్ నంబరు సంపాదించడం పెద్ద పని కాదు.

సమాధానం 2: పరిచయంతోపాటు ఉద్దేశాన్నీ చూడాలి. తిరస్కరణకు గురైనవాడు ఉదయం బతిమాలి సాయంత్రానికి బెదిరిస్తాడు. పగబట్టిన సహోద్యోగికి భయపెట్టడమే లక్ష్యం. ఊహాప్రేమలో మునిగిన అపరిచితుడు, జవాబు రాకున్నా, ఏళ్ల తరబడి ఉత్తరాలు పంపుతూనే ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు: “ఆఖరిసారి మాట్లాడదాం” అంటే వెళ్లవచ్చా?

సమాధానం 1: వద్దు. ఒక్కసారి స్పష్టంగా నిరాకరించి, ఆపై మౌనం వహించి, సందేశాలన్నీ భద్రపరచి పోలీసులకు చూపడం మేలు.